బెంచి గ్రైండర్ రాయి ఊగుతోందా? ముందు ఆ నట్టు బిగించడం మానండి

దాళ్వా కోతలు దగ్గరపడితే మా లేత్ షాపుకి పనిముట్లు సానపట్టే బెంచి గ్రైండర్లు వరస కడతాయి. చాలావాటికి జబ్బు ఒకటే, రాయి ఊగుతుంది. తెచ్చినవాళ్లు తీర్పు కూడా వెంట తెస్తారు: "రాయి డూప్లికేటండి."

అపోహ: ఊగుతోందంటే రాయి చెడ్డది, లేదా నట్టు లూజు.

వాస్తవం: పక్కలకి ఊగుతుంటే ముందు రాయిని రెండు పక్కలా నొక్కి పట్టే ఫ్లాంజీల్ని అనుమానించండి. చవక గ్రైండర్లలో అవి రేకు నొక్కి చేసిన బిళ్లలు, షాఫ్టుకి సమంగా కూర్చోవు. మధ్యలో వెంట్రుకవాసి వంకర ఉంటే అంచు దగ్గర కంటికే కనిపిస్తుంది. దాన్ని పానాతో బిగించి లొంగదీద్దామనుకుంటే వంకర పోదు, రాయి పగులుతుంది. 150 మి.మీ. రాయి 2800 ఆర్‌పీఎం మీద తిరిగితే అంచు వేగం గంటకు దాదాపు 80 కి.మీ. ముక్క ఊడితే ఆ వేగంతోనే వస్తుంది.

రాయి, ఫ్లాంజీలు, నట్టు తీసేసి ఒట్టి మోటారు ఆన్ చేయండి. (ఎడమ పక్క నట్టు మర తిరగేసి ఉంటుంది, దానితో కుస్తీ పట్టకండి.) అప్పుడూ అదిరితే బేరింగో షాఫ్టో చూడాలి. నిమ్మళంగా తిరిగితే ఫ్లాంజీలకి లేత్ మీద ఫేసింగ్ చేయించండి, అంటే ముఖం చదును చేయించండి. రెండూ ఒకే సైజులో, రాయి వ్యాసంలో మూడో వంతుకి తగ్గకుండా ఉండాలి. బిగించేముందు రాయిని పావు చుట్టు చొప్పున జరిపి, ఎక్కడ తక్కువ ఊగుతుందో అక్కడ ఆపండి.

రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్లు రిపేరు చేసే కుర్రాడొకడు కొత్త రాయి తెచ్చి, అమ్మినవాణ్ణి తెగ తిట్టాడు. చూస్తే రాయికి రెండు పక్కలా ఉండాల్సిన కాగితం బిళ్లలు లేవు. "ఆయ్, స్టిక్కర్లనుకుని పీకేశానండి!" ఫ్లాంజి ఒత్తిడి రాయి మీద సమానంగా పడేది ఆ అట్ట వల్లే బాబూ. పీకొద్దు.

అపోహ: డ్రెస్సర్ (రాయి అంచుని చెక్కే పనిముట్టు) పడితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: డ్రెస్సర్ అంచుని గుండ్రం చేస్తుంది, పక్క ఊపుని తీయదు. అదీ రాయి ముందుండే రెస్టుకి ఆనించి, కొంచెం కొంచెంగా తీస్తేనే. గాలిలో చేత్తో పడితే అది ఎత్తుపల్లాల వెంటే పోతుంది. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

అపోహ: రాత్రికి రాత్రే బ్యాలెన్స్ పోయింది, ఎవరో కెలికారు.

వాస్తవం: వానాకాలం మన రేకుల షెడ్లు కారతాయి కదా. రాయి నీళ్లు పీలుస్తుంది, ఆ నీళ్లు కింది భాగానికి దిగుతాయి, పొద్దున్నే స్విచ్ వేస్తే మిషనంతా దడదడ. పూర్తిగా ఆరనివ్వండి.

ఇక ఫోటో పంపి "ఇది పగిలిందా అన్నా?" అని అడిగేవాళ్లకి. మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది, కానీ పగులు ఫోటోలో దొరకదు. పొడి రాయిని వేలికి తగిలించి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో అంచుకి దగ్గరగా నాలుగు చోట్ల మెల్లగా కొట్టండి. ఖంగుమంటే ఎక్కించండి, ఎక్కించాక ఒక నిమిషం పక్కకి తప్పుకుని ఒట్టిగా తిప్పండి. బొదబొదమంటే ఇంకెవరూ వాడకుండా రెండు ముక్కలు చేసి పారేయండి.