వాడపల్లి నడక వేరు, తుంగనాథ్ ఎక్కడం వేరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"ఏడు శనివారాలు వాడపల్లికి నడిచినవాణ్ణండీ. తుంగనాథ్ నాలుగు కిలోమీటర్లేగా, అదో లెక్కా?"

కోనసీమ నుంచి ఉత్తరాఖండ్ కొండల్లోని తుంగనాథ్ శివాలయానికి బయల్దేరే బృందాలను సిద్ధం చేసేవాళ్ళకి ఈ మాట ప్రతి సీజన్లోనూ తప్పదు. గోదావరి గట్టు మీద వాడపల్లి వెంకన్న గుడికి చెప్పుల్లేకుండా నడిచిన కాళ్ళని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ కిలోమీటర్లతో కొండని కొలవడం అంటే, మామిడిపళ్ళని మూరల్లెక్కన కొన్నట్టే.

అపోహ: దూరం తక్కువైతే కష్టం తక్కువ.

1892లో నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. చదునుగా ఉన్నచోట గంటకి 5 కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట కలపాలి. కొండదారి మొదలయ్యే చోప్తా నుంచి తుంగనాథ్‌కి 4 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 900 మీటర్లు అనుకోండి. నడకకి 48 నిమిషాలు, ఎత్తుకి గంటన్నర, వెరసి దాదాపు రెండుంబావు గంటలు. అంతసేపట్లో కాలవ గట్టు మీద 11 కిలోమీటర్లు దాటేస్తారు. అంటే కాళ్ళ లెక్కన ఆ నాలుగు ఇక్కడి పదకొండు. ఆ మాత్రం వాడపల్లి నడిచినవాళ్ళు తట్టుకుంటారు. ఈ లెక్కలోకి రానిది గాలి.

అపోహ: ఒంట్లో సత్తువ ఉన్నవాడికి ఎత్తు ఏమీ చెయ్యదు.

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. అమలాపురంలోనైనా తుంగనాథ్‌లోనైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. పడిపోయేది గాలి ఒత్తిడి. 3,600 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండొంతులకి దిగిపోతుంది. అంటే ఇక్కడ మూడు గుక్కల్లో అందే ప్రాణవాయువు, అక్కడ అందాలంటే నాలుగైదు గుక్కలు పీల్చాలి. ఒళ్ళు దానికి సర్దుకుంటుంది, కాకపోతే వ్యవధి కావాలి. ఊపిరి వేగం పెరగడం గంటల్లో మొదలవుతుంది. దానివల్ల రక్తంలో వచ్చే తేడాని మూత్రపిండాలు సరిచెయ్యడానికి మాత్రం రోజులు పడుతుంది. రోజూ పరిగెత్తేవాడికైనా, షాపులో కూర్చునేవాడికైనా ఆ రోజుల్లో రాయితీ లేదు. పైగా సత్తువున్న కుర్రాళ్ళే పోటీపడి ముందు ఎక్కేస్తారు, తలనొప్పి వచ్చినా పైకి చెప్పరు.

చేతిలో ఉన్నది రెండే: ఎంత త్వరగా ఎక్కాం, రాత్రి ఎక్కడ పడుకున్నాం. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఆగాలి. తుంగనాథ్ వరకే అయితే ఒక రాత్రి ఊఖీమఠ్, ఒక రాత్రి చోప్తా, పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోతే సరిపోతుంది. తేడా కొట్టేది ఎక్కడంటే, సెలవుల్లేవని హరిద్వార్‌లో రైలు దిగి, పగలంతా జీపులో కుదుపులు తిని, రాత్రి చోప్తా చేరి, సరిగా తినకుండా, నిద్రపోకుండా మూడింటికే తుంగనాథ్ పైనున్న చంద్రశిల శిఖరం మీద సూర్యోదయం అంటూ బయల్దేరడంలో.

తలనొప్పితో పాటు వికారమో, తల తిరగడమో, లేవలేనంత నీరసమో ఉంటే, వేరే కారణం రుజువయ్యేదాకా అది ఎత్తు జబ్బే. అక్కడే ఆగాలి. పారాసెటమాల్ వేసుకోవచ్చు గానీ, అది వేసుకుని పైకి ఎక్కకూడదు. తగ్గకపోయినా, ముదురుతున్నా దిగిపోవాలి. అనుమానంగా ఉంటే ఒక పరీక్ష చేయండి: ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనించుకుంటూ తిన్నటి గీత మీద పది అడుగులు వేయించండి. తూలితే మెదడు వాస్తోందని లెక్క. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని లెక్క. ఈ రెంటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. తోడుతో, రాత్రయినా సరే, కనీసం 300 మీటర్లు, వీలైతే 1,000 మీటర్లు ఎత్తు తగ్గేలా కిందికి దింపాలి. ఆక్సిజన్ దొరికితే పెట్టండి, అది పెట్టామని దింపడం ఆపొద్దు.

డయామాక్స్ మాత్ర సర్దుకోవడాన్ని త్వరపరుస్తుంది. మామూలుగా 125 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఎక్కడానికి ముందు రోజు నుంచి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, కంగారు పడొద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు.

కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుంది? పెరగదు. ముక్కు చల్లగా అనిపిస్తుంది, అంతే. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కూడా కొద్ది నిమిషాల ముచ్చటే.

హెలికాప్టర్‌లో కేదార్‌నాథ్ వెళ్తే ఏ ఇబ్బందీ ఉండదు? మోకాళ్ళకి ఉండదు. 3,580 మీటర్ల ఎత్తుకి నిమిషాల్లో చేరినవాళ్ళ ఒంటికి సర్దుకునే వ్యవధే దొరకలేదు. దర్శనం చేసుకుని అదే రోజు దిగిపోవడం మేలు.

సముద్రం పక్కన పుట్టినవాళ్ళకి కొండగాలి పడదు? అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలనుకుని ఈ మాట విని మానుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఢిల్లీవాళ్ళూ మైదానంవాళ్ళే, వాళ్ళూ మనలాగే సర్దుకుంటారు. వయసు ఒక్కటే అడ్డు కాదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే మాత్రం ముందే డాక్టర్ని కలవాలి. అన్నట్టు, పైన నీళ్ళు 88 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే అన్నం పలుకు మీదే ఉంటుంది. అది వంటవాడి తప్పు కాదు.

అపోహ: చదును నేల మీద నడకేగా, దానికి జాగ్రత్తలెందుకు?

డెల్టాలో దెబ్బతీసేది ఉక్క. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే తెల్లవారుజామున బయల్దేరి పది లోపు ముగించాలి. చెమటతో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్ళు లీటర్లకి లీటర్లు తాగడం కూడా ప్రమాదమే. దాహం మేరకు తాగండి, మధ్యలో ఉప్పేసిన మజ్జిగ తీసుకోండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి, అరలీటరులో కాదు. తొడలు ఒరుసుకునేవాళ్ళు బయల్దేరేముందే వాజలిన్ రాసుకోవాలి. మడమ చురుక్కుమన్న క్షణానే ఆగి టేపు వేయాలి, బొబ్బ లేచాక వేస్తే సగం ఫలమే. షుగర్ ఉన్నవాళ్ళ అరికాలికి స్పర్శ తగ్గి ఉంటే గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. మొక్కు ఉన్నా సరే, వట్టికాళ్ళతో నడవొద్దు.

డెల్టాలో కొండే లేదు, సాధన ఎలా?

మేడమెట్లున్నాయిగా. అంతస్తుకి 3 మీటర్ల చొప్పున మూడంతస్తుల మేడ ఒకసారి ఎక్కితే 9 మీటర్లు. తుంగనాథ్ అంటే వంద సార్లు. ఒక్కరోజులో కాదు: ఆరు వారాల ముందు పది సార్లతో మొదలుపెట్టి నలభై దాకా పెంచండి, చివరి రెండు వారాలు సంచిలో అయిదు కిలోల బియ్యంతో. ఆదివారం కోరుకొండో అన్నవరమో మెట్ల దారిన వెళ్ళండి. దిగేటప్పుడు ఆటో ఎక్కొద్దు. మర్నాడు తొడలు పట్టేసేది ఎక్కినందుకన్నా దిగినందుకే, ఆ కండకి అలవాటు చేయాల్సింది దిగడమే. ఈ సాధన కాళ్ళకే, ఎత్తుకి కాదు.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మందం మేజోళ్ళు వేసుకుని, వేళ్ళ ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ చూసుకోండి. దిగేముందు గోళ్ళు కత్తిరించి, చీలమండ దగ్గర లేసు బిగించండి. లేకపోతే పాదం ముందుకు జారి, కిందికొచ్చేసరికి గోరు నల్లబడుతుంది.