"మళ్లీ మరిగించాను కదా!" – మిగిలిన అన్నం, కూరల మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఓపీలో ఒకమ్మాయి ఏడేళ్ల కొడుకుని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. పొద్దున్న ఎనిమిదింటికి తాలింపన్నం తిన్నాడట, పది దాటేసరికి వాంతులు. "రాత్రి అన్నమే మేడమ్, కానీ బాగా వేడి చేశాను, పొగలొచ్చేదాకా వేయించాను" అని నాలుగుసార్లు చెప్పింది. తప్పు తనదేనేమోనని లోపల ఎంత నలిగిపోతోందో ఆ నాలుగుసార్లూ చెప్పడంలోనే తెలుస్తోంది. సాయంత్రానికి పిల్లాడు లేచి బిస్కెట్ అడిగాడు. ఆమె మొహం మాత్రం తేరుకోలేదు.

డైటీషియన్‌గా ఇది నాకు పదహారో ఏడు. "బాగా వేడి చేశాను" అనే మాట వినని నెల లేదు. అందుకే ముందు దీని సంగతే చూద్దాం, మిగతావి తర్వాత.

అపోహ: మిగిలింది ఏదైనా మళ్లీ మరిగిస్తే చాలు, అన్నీ చచ్చిపోతాయి.

వాస్తవం: చచ్చేవి చస్తాయి. అవి అప్పటికే వదిలిన విషం చావదు.

బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పొలం మట్టిలో ఉంటుంది. దాని స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతున్న రూపం, బియ్యంతోపాటే మన వంటింట్లోకి వస్తాయి. ఎన్నిసార్లు కడిగినా పోవు, అన్నం ఉడికినా చావవు. గిన్నె పొయ్యి దిగి గోరువెచ్చగా అయ్యాక నిద్ర లేచి పెరగడం మొదలుపెడతాయి. పెరుగుతూ సెరులైడ్ అనే విషాన్ని వదులుతాయి. దీన్ని 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెక్కు చెదరదు. మన గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. ఇక మీ ఐదు నిమిషాల తాలింపు దాన్ని ఏం చేస్తుంది?

పైగా దానికి వాసన లేదు. అన్నం జిగురెక్కదు, రుచి మారదు. "వాసన చూసే పెట్టాను మేడమ్" అనే వాళ్లకు నేను చెప్పేది ఇదే: పాచిపోయిన వాసన వచ్చిందంటే పారేయండి, కానీ రాలేదు కాబట్టి బాగుందని అనుకోకండి. ఈ విషం కడుపులో పడితే అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి. చాలామందికి ఒక్క రోజులో తగ్గిపోతుంది. పసిపిల్లల విషయంలో, పెద్దవయసు వాళ్ల విషయంలో మాత్రం ఇంట్లో కూర్చుని చూడకండి, ఒంట్లో నీరు త్వరగా పోతుంది.

కాబట్టి రాత్రి అన్నం మంచిదా కాదా అన్నది పొద్దున్న పొయ్యి మీద తేలే విషయం కాదు. రాత్రి భోజనాలయ్యాక రెండు గంటల్లోనే తేలిపోతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఈ పురుగులకు పండగ. రెండు గంటలకు మించి అన్నం ఆ మధ్యలో ఉండకూడదు. విజయవాడ మే నెల ఎండలో అయితే గంటే లెక్క పెట్టుకోండి.

ఇంత తెలిసినదాన్ని నేను ఏం చేశానో కూడా చెప్పాలి. ఎమ్మెస్సీ చదివి రెండేళ్లయింది, కొత్తగా పెళ్లయింది. ఇంట్లో పుట్టినరోజు. పెద్ద గుండిగ నిండా చికెన్ పులావ్, సగం మిగిలిపోయింది. ఫ్రిజ్‌లో పెడదామని లేచాను. "వేడి గిన్నె పెడితే ఫ్రిజ్ పాడైపోతుందమ్మా, పొద్దున్న చూద్దాంలే" అన్నారు అత్తయ్యగారు. కొత్త కోడల్ని, సరేనండీ అన్నాను. పొద్దున్న ఎనిమిదింటికి భేషుగ్గా వేడి చేసి అందరికీ నేనే వడ్డించాను. పదకొండుకల్లా ఆరుగురం బాత్‌రూమ్ ముందు క్యూ. పరీక్షలో సెరులైడ్ గురించి రెండు పేజీలు రాసి ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నదాన్ని!

ఆ రాత్రి దెబ్బ కొట్టింది రెండో అపోహ. కాస్త వేడిగా ఉన్న అన్నం పెట్టినంత మాత్రాన ఫ్రిజ్ పాడవదు. మరిగే గుండిగను తీసుకెళ్లి పెట్టమని నేను అనడం లేదు. అలా పెడితే లోపలున్న పాలు, పెరుగు కూడా వేడెక్కుతాయి. పైగా గుండిగ మధ్యలో అన్నం గంటలకొద్దీ చల్లారదు. మాంసం కూరల్లో పెరిగే క్లాస్ట్రీడియం అనే ఇంకో రకానికి సరిగ్గా ఇదే కావాలి. అన్నం అయితే వెడల్పు పళ్లెంలో పలుచగా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి, అరగంట చాలు. పప్పు, కూర అయితే గిన్నెను చల్లనీళ్ల బేసిన్‌లో దించి గరిటెతో కలుపుతూ ఉండండి. ఆ తర్వాత లోతు తక్కువున్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేయండి. అన్నం మర్నాటికి అయిపోవాలి. పప్పు, కూరలు మూడు రోజుల దాకా ఉంటాయి. వేడి చేసేటప్పుడు డబ్బా మొత్తం కాదు, తినేంత మాత్రమే తీసి పొగలొచ్చేలా చెయ్యాలి, అదీ ఒక్కసారే.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, "మరి మన పెద్దవాళ్లు రాత్రి అన్నం తిని నూరేళ్లు బతకలేదా?" అని. బతికారు. కానీ మా నాయనమ్మ రాత్రి అన్నాన్ని ఎప్పుడూ పొడిగా వదిలెయ్యలేదు. మట్టికుండలో నీళ్లు పోసి, ఇంత మజ్జిగ కలిపి, పైన గుడ్డ కట్టేది. కొందరి ఇళ్లలో గంజి పులిసిన తరవాణి కుండ ఉండేది, అన్నం అందులోకి పోయేది. తెల్లారేసరికి లాక్టిక్ ఆమ్లం తయారై పులుపెక్కుతుంది, ఆ పులుపులో ఈ పురుగు పెరగలేదు. పులిహోర ప్రయాణానికి ఆగేదీ చింతపండు పులుపు వల్లే. కుక్కర్‌లో మూత పెట్టి వదిలేసిన అన్నాన్ని చద్దన్నం అంటే నాయనమ్మ ఒప్పుకునేది కాదు. ఇంకోటి, వండిన గిన్నెలో ఎంగిలి చెయ్యి పెట్టనిచ్చేది కాదు. అప్పట్లో చాదస్తం అనుకునేదాన్ని. చేతుల మీదుండే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం కూడా మరిగిస్తే పోదని చదివాక నోరు మూసుకున్నాను.

ఇక వాట్సాప్ పుణ్యాలు. చకచకా ముగిస్తాను, వీటికి ఇంతకంటే టైమ్ ఇవ్వలేను.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం తింటే క్యాన్సర్ వస్తుందట. రాదు.

కోసిన ఉల్లిపాయ గాలిలో క్రిములన్నీ పీల్చుకుంటుందట. అదేం వాక్యూమ్ క్లీనరా? డబ్బాలో మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోండి.

చల్లారిన అన్నం షుగర్ వాళ్లు ఎంతైనా తినొచ్చట. చల్లారితే కొంచెం పిండిపదార్థం అరగని రకంగా మారే మాట నిజం. కొంచెమే. కంచం నిండా పెట్టుకుంటే షుగర్ పెరుగుతుంది.

కరెంటు పోతే ఫ్రిజ్‌లోవన్నీ పారెయ్యాలా? తలుపు తియ్యకుండా ఉంచితే నాలుగు గంటలు ఫర్వాలేదు.

ఇవన్నీ చదివి భయపడి అన్నీ పారేసే వాళ్లున్నారు చూడండి, వాళ్ల మీద నాకు కోపం రాదు, జాలేస్తుంది. ఐక్యరాజ్యసమితి 2024లో ఇచ్చిన ఆహార వృథా నివేదికలో మన దేశంలో ఇళ్లలోనే మనిషికి ఏడాదికి 55 కిలోలు పారేస్తున్నామని అంచనా వేశారు. అందులో పాడైనది ఎంతో, అనుమానంతో పారేసింది ఎంతో! వేళకు ఫ్రిజ్‌లోకి వెళ్లినదానికి టెన్షన్ అక్కర్లేదు. మిగిలిన పప్పు పోసి చపాతీ పిండి కలపండి. ఇడ్లీలు పొడిచేసి ఉప్మా, పుల్లబడిన దోసెల పిండితో పునుగులు, పులిసిన మజ్జిగతో మజ్జిగ పులుసు. బీరపొట్టు పచ్చడి గురించి మీకు నేను చెప్పాలా?

చివరగా ఒకటి. మిగిలిన అన్నం బకెట్లకొద్దీ ఆవుకి పెడితే పుణ్యం అంటారు. ఉడికిన అన్నం ఒక్కసారిగా ఎక్కువ తింటే ఆవు పొట్టలో ఆమ్లం పెరిగిపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, చచ్చిపోవచ్చు కూడా. మా వీధిలో ఒక పెళ్లి మర్నాడు జరిగిందిదే. పశువుల డాక్టరు వచ్చేసరికి ఆవు ఫంక్షన్ హాల్ గేటు దగ్గర పడిపోయి ఉంది, పక్కన సగం ఖాళీ అయిన అన్నం గంగాళం.