ఆవిరి ఇంజను మోడల్ కట్టేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నం దొండపర్తిలోని మా ఇంటికి మోడల్ ఇంజన్లు చూడడానికి వచ్చే కుర్రవాళ్లు సాధారణంగా ఇత్తడి రేకుకు టంకం ఎలా పెట్టాలని, రంగు ఎలా వేయాలని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: మీరు కట్టబోయేది ఏ నంబరు ఇంజను, అది ఏ సంవత్సరంలో ఉన్న రూపం? ఈ రెండింటికీ జవాబు దొరకకుండా రేకు కోసినవారు మధ్యలో ఆగిపోవడమో, చివరికి ఎక్కడా లేని ఇంజనును తయారుచేయడమో నేను చాలాసార్లు చూశాను. అసలు ఇంజను వివరాలు సేకరించే పనిలో తరచుగా ఎదురయ్యే అపోహలను, నా అనుభవంలో తేలిన వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒక తరగతి ఇంజన్లన్నీ ఒకేలా ఉంటాయి.

మన రైల్వేల్లో డబ్ల్యూపీ తరగతి ప్యాసింజర్ ఇంజన్లు 1947 నుంచి 1967 వరకు 755 తయారయ్యాయి. మొదటి పదహారూ అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారం నుంచి వచ్చాయి. ఆ తరువాత కెనడా, పోలండ్, ఆస్ట్రియా కర్మాగారాలు, చివరికి మన చిత్తరంజన్ కూడా వీటిని కట్టాయి. సరుకు బండ్లు లాగిన డబ్ల్యూజీ తరగతి సంఖ్య ఇంకా పెద్దది: 1950 నుంచి 1970 వరకు 2450. ఇన్ని దేశాల్లో, ఇన్నేళ్లపాటు తయారైన యంత్రాల మధ్య చిన్న చిన్న తేడాలు ఉండక తప్పదు. పైగా ప్రతి ఇంజనూ కొన్నేళ్లకొకసారి వర్క్‌షాపుకు వెళ్లి, బాయిలర్ ఒక ఇంజనుది, టెండర్ (వెనుక బొగ్గు, నీళ్లు మోసే బండి) మరొక ఇంజనుది తగిలించుకొని బయటికి వచ్చేది. అందువల్ల ఒక నంబరుకు 1955లో తీసిన ఫోటో, అదే నంబరుకు 1980లో తీసిన ఫోటో రెండు వేరు ఇంజన్లను చూపిస్తున్నాయన్నట్టే పని చేయాలి. పుస్తకంలో "డబ్ల్యూపీ" అని రాసి ఉన్న బొమ్మలన్నింటినీ ఒకచోట చేర్చి, ఒక్కొక్కదాని నుంచి ఒక్కొక్క భాగం తీసుకోవడం కన్నా, తేదీ తెలిసిన రెండు ఫోటోల మీద ఆధారపడడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం.

అపోహ: కర్మాగారం డ్రాయింగ్ దొరికితే ఇక వెతకవలసింది లేదు.

డ్రాయింగ్ దొరకడం అదృష్టమే. మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ 1966లో మూతపడినా, దాని డ్రాయింగులు, రికార్డులు ఆ ఊరి సైన్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వేకు గారట్ ఇంజన్లు (ఒకే బాయిలర్‌కు ముందూ వెనుకా రెండు చక్రాల జట్లున్న పొడవాటి ఇంజన్లు) కట్టింది ఆ కంపెనీయే. అయితే డ్రాయింగ్ చెప్పేది ఇంజను ఎలా కట్టాలనుకున్నారన్న సంగతి మాత్రమే, పదేళ్లు బండ్లు లాగిన తరువాత అది ఎలా ఉందో చెప్పదు. పాత బ్లూప్రింట్ కాగితం తడిసి ఆరినప్పుడు ముడుచుకుంటుంది, దాన్ని జిరాక్స్ తీస్తే నిలువు ఒక కొలతలో, అడ్డం మరొక కొలతలో మారవచ్చు. కాబట్టి కాగితం మీద స్కేలు పెట్టి కొలవకూడదు. అంకెలతో రాసిన కొలతలనే తీసుకోవాలి. అవి లేనిచోట, ముందుగా తెలిసిన ఒక పొడవును, తెలిసిన ఒక ఎత్తును కాగితం మీద కొలిచి, రెండూ ఒకే నిష్పత్తిలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

అపోహ: మ్యూజియంలో నిలబెట్టిన ఇంజను అబద్ధం చెప్పదు.

ఈ నమ్మకం వల్ల నేనే ఒకసారి నష్టపోయాను. ఒక ఊళ్లో ప్రదర్శనకు నిలిపిన డబ్ల్యూపీని అనుమతి తీసుకొని, టేపుతో ఒక పూటంతా కొలిచాను. ఇంటికి వచ్చి, కొలిచిన పెద్ద చక్రం వ్యాసాన్నే ప్రమాణంగా తీసుకొని, ఫోటోల్లోని మిగతా పొడవులన్నీ లెక్కగట్టి ఫ్రేములు కోశాను. అన్నీ కొంచెం పొట్టిగా వచ్చాయి. డబ్ల్యూపీ పెద్ద చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1705 మిల్లీమీటర్లు. చక్రం చుట్టూ ఉండే ఉక్కు టైరు అరిగినప్పుడల్లా లేతు మీద చెక్కుతారు, అందువల్ల వ్యాసం తగ్గుతూ పోతుంది. నేను కొలిచింది సర్వీసు చివర్లో మిగిలిన చక్రాన్ని. ఆ ఫ్రేములు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉన్నాయి.

ప్రదర్శనలోని ఇంజన్లకు మరో చిక్కు ఉంది. ఇత్తడి భాగాలు, గేజీలు, పైపులు కాలక్రమంలో మాయమై ఉంటాయి. రంగు చూపరుల కోసం వేసి ఉంటుంది. న్యూఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలోని 815 నంబరు గారట్ వంటి అరుదైన యంత్రం దగ్గరకు వెళ్లినప్పుడు రంగును చూసి మురిసిపోవడం కన్నా రివెట్ల వరుసలను, ఫ్రేము మందాన్ని, అడుగున బ్రేకు కడ్డీల అమరికను చూసి రాసుకోవడం ఎంతో లాభం, ఎందుకంటే తరువాత మార్చే అవకాశం అతి తక్కువగా ఉండే భాగాలు అవే.

అపోహ: నలుపు తెలుపు ఫోటోలో నల్లగా కనిపిస్తే అది నలుపే.

పాత ఆర్థోక్రొమాటిక్ ఫోటో ప్లేట్లకు ఎరుపు రంగు పట్టేది కాదు. అందువల్ల ఎర్రటి బఫర్ బీము (ఇంజను కొసన ఉండే అడ్డదూలం) ఫోటోలో దాదాపు నల్లగా, నీలం మాత్రం తెల్లబారినట్టుగా కనిపిస్తుంది. కర్మాగారం అధికారికంగా తీయించిన ఫోటోలు మరో విధంగా తప్పుదారి పట్టిస్తాయి: వివరాలు స్పష్టంగా పడాలని ఇంజనుకు తాత్కాలికంగా బూడిద రంగు వేసి, ఫోటో అయ్యాక అసలు రంగు వేసేవారు. రివెట్లు లెక్కపెట్టడానికి అంతకు మించిన ఫోటో దొరకదు. రంగు విషయంలో మాత్రం దాన్ని నమ్మకూడదు.

ఫోటో మీద కొలిచేటప్పుడు దూరాన్ని కూడా గుర్తుంచుకోవాలి. చక్రాలు కెమెరాకు దగ్గరగా, బాయిలర్ మధ్యగీత వెనుకగా ఉంటాయి కనుక, చక్రం వ్యాసాన్ని కొలబద్దగా పెట్టి బాయిలర్‌ను కొలిస్తే అది అసలు కన్నా సన్నగా తేలుతుంది. దూరం నుంచి తీసిన ఫోటోల్లో ఈ తేడా తగ్గుతుంది.

అపోహ: ఒక పక్క తెలిస్తే రెండో పక్క తెలిసినట్టే.

కాదు. పైపులు, మెట్లు, ఇంజను నడిచే దిశ మార్చే రివర్సింగ్ కడ్డీ, బాయిలర్ కడిగే రంధ్రాల మూతలు రెండు పక్కలా ఒకేలా ఉండవు. రెండు సిలిండర్ల ఇంజనులో కుడి, ఎడమ క్రాంకు పిన్నులు (చక్రాన్ని తిప్పే కడ్డీ తగిలే పిన్నులు) ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో అమర్చి ఉంటాయి. రెండో పక్క ఫోటో లేకపోతే అది దొరికేదాకా ఆగడమే మేలు.

అపోహ: బజారులో దొరికే పట్టాల మీద మన బ్రాడ్‌గేజ్ ఇంజను సరిగ్గా కూర్చుంటుంది.

ఈ ఒక్క అంకె దగ్గర చాలామంది తడబడతారు. మన బ్రాడ్‌గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు. హెచ్ఓ అని పిలిచే 1:87 నిష్పత్తిలో అది 19.3 మిల్లీమీటర్లు కావాలి. బజారులో దొరికే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అంటే 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయేది. ఆ మూడు మిల్లీమీటర్ల లోటు వల్ల ముందు నుంచి చూస్తే ఇంజను ఇరుకు కాళ్ల మీద నిలబడినట్టు కనిపిస్తుంది, సిలిండర్లను ఎంత బయటికి పెట్టాలో కూడా లెక్క చెదురుతుంది. 1:76.2 నిష్పత్తిలో కడితే కావలసింది సరిగ్గా 22 మిల్లీమీటర్లు, ఆ పట్టాలు చేతితో వేసుకోవలసిందే. సిద్ధంగా ఉన్న పట్టాలే వాడతానంటే అది తప్పు కాదు గానీ, ఆ రాజీని మొదటిరోజే నోటుపుస్తకంలో రాసుకొని, దానికి తగ్గట్టు ఫ్రేముల వెడల్పు నిర్ణయించుకోవాలి.

మన ప్రాంతంవారికి ఇక్కడొక మంచి మార్గం ఉంది. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న లైను అప్పట్లో 762 మిల్లీమీటర్ల గేజ్‌తో ఉండేది. 1:87 నిష్పత్తిలో అది 8.76 మిల్లీమీటర్లు, బజారులో సులభంగా దొరికే 9 మిల్లీమీటర్ల పట్టాలు దాదాపు సరిగ్గా సరిపోతాయి. మొదటి మోడల్‌గా ఎవరు సలహా అడిగినా నేను ఆ చిన్న లైను పాత ఇంజనునే సూచిస్తాను.

అపోహ: వాల్తేరులో తీసిన ఫోటో అయితే అది బెంగాల్ నాగపూర్ రైల్వే ఇంజనే.

వాల్తేరు రెండు రైల్వేలు కలిసే చోటు. ఉత్తరం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే, దక్షిణం నుంచి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే ఇక్కడికి వచ్చేవి. కాబట్టి టెండర్ మీద అక్షరాలు చదివేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. స్టేషను పేరు విశాఖపట్నంగా మారింది 1987లో. అంతకు ముందు కాలపు డబ్ల్యూజీని కట్టి, పక్కన విశాఖపట్నం అని బోర్డు పెట్టినవారిని సున్నితంగా సరిదిద్దవలసి వచ్చింది.

అపోహ: పనిచేసి రిటైరైన పెద్దవారు చెప్పిందే చివరి మాట.

వారిని తప్పక కలవాలి, అయితే వారికి గుర్తుండే సంగతులే అడగాలి. మా వీధిలో ఆవిరి ఇంజన్ల మీద బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసిన ఒక పెద్దాయన ఉండేవారు. నేను రెండు వారాలు వెళ్లి రంగుల గురించి, సంవత్సరాల గురించి అడిగాను. ప్రతిసారీ జవాబు మారింది. ఒక సాయంత్రం ఆయనే విసుక్కోకుండా, "బాబూ, రంగులు నాకు గుర్తులేవు. ఇంజెక్టర్ చక్రం ఏ చేతికందేదో అడుగు, కళ్లు మూసుకుని చెబుతాను" అన్నారు. ఆ తరువాత నేను క్యాబ్ (డ్రైవరు, ఫైర్‌మన్ నిలబడే గది) లోపలి భాగాలన్నీ అట్టతో నిజమైన కొలతలో చేసి తీసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టాను. ఆయన కుర్చీలోంచి లేచి, పార పట్టినట్టు చేతులు ఆడించి, ఫైర్‌బాక్స్ తలుపు ఎత్తును బెత్తెడు కిందికి దింపించారు. మంచినీళ్ల కూజా ఎక్కడ పెట్టుకునేవారో, రాత్రిపూట దీపం ఏ కొక్కేనికి తగిలించేవారో చూపించారు. తరువాత దొరికిన ఒక క్యాబ్ ఫోటోలో ఆ కొక్కెం ఆయన చెప్పిన చోటే ఉంది.