విల్లు, ఎలుగుబంటి: మా దగ్గర వినపడే అపోహలు, అసలు సంగతులు

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇటు ఒడిశా, అటు ఆంధ్ర అన్నది మనుషులకేగానీ ఎలుగులకు లేదు. పద్దెనిమిదేళ్ళుగా వెదురు విళ్ళు చేస్తున్నాను, ఆదివారాలు పిల్లలకు విలువిద్య నేర్పుతున్నాను. ఈమధ్య ప్రతి కొత్త కుర్రాడూ ఫోను తీసి ఒకే రకం వీడియో చూపిస్తున్నాడు. అలాస్కాలో ఎవరో పాతకాలపు విల్లుతో పెద్ద గోధుమరంగు ఎలుగును కొడతాడు, అది నాలుగడుగులు పరిగెత్తి పడిపోతుంది. "గురువుగారూ, మన విల్లుతో అవుతాదా?" అని అడుగుతారు.

మన దేశంలో కాదు, చెయ్యకూడదు. ఆ మాట కింద వివరంగా చెప్తాను. కానీ ఆ వీడియో చూసి విల్లు గురించి ఏర్పడే అభిప్రాయాలు చాలా వరకు తప్పు. విల్లు చేసేవాణ్ణి కాబట్టి నన్ను బాగా చికాకు పెట్టేవి అవే.

అపోహ: విల్లు ఎంత బిర్రుగా ఉంటే అంత పెద్ద జంతువు పడుతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది మొదటిరోజే 70 పౌండ్ల విల్లు అడుగుతారు (పౌండ్లంటే విల్లు బరువు కాదు, నారిని పూర్తిగా లాగడానికి కావలసిన బలం). తీరా ఇస్తే గడ్డం దాకా లాగలేక భుజం పట్టేసి రెండు వారాలు కనపడరు.

బాణం తూటాలా పనిచెయ్యదు. 50 పౌండ్ల విల్లు నుంచి 32 గ్రాముల బాణం (విలుకాళ్ళ లెక్కలో 500 గ్రెయిన్లు) సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో పోతుంది. దాని శక్తి 40 జూళ్ళు. స్పిన్ బౌలరు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వేసే క్రికెట్ బంతికీ దాదాపు అంతే శక్తి ఉంటుంది. అలాస్కా వేటగాళ్ళు వాడే పెద్ద రైఫిల్ తూటాకైతే దానికి వందరెట్లు. బంతి తగిలితే ఎలుగు చావదు కదా. మరి అదే శక్తి ఉన్న బాణం ఎలా చంపుతుంది? కోసి. ములికి, అంటే బాణం మొన, అంచు మంగలి కత్తిలా ఉంటే అది ఊపిరితిత్తుల్లోంచి దూసుకెళ్ళి రక్తనాళాలను తెంపుతుంది, నెత్తురు పోయి జంతువు చస్తుంది. మొద్దు ములికి పెట్టుకుని బిర్రు విల్లు లాగడం కంటే, మామూలు విల్లుకు బరువైన బాణం, పదునైన ములికి నయం.

అలాస్కాలో గోధుమ ఎలుగు వేటకు చట్టం అడిగేది కనీసం 50 పౌండ్ల విల్లు, అంతే. బాణం కనీసం 300 గ్రెయిన్లు ఉండాలి, ములికికి వెనక్కి తిరిగిన ముళ్ళు ఉండకూడదు. అక్కడి కోడియాక్ దీవుల్లో మగ ఎలుగు 600 కిలోలు దాటొచ్చు. దానికే 50 పౌండ్లు చాలంటే, మిగతా పని విల్లుది కాదని అర్థం.

అపోహ: గురి బాగుంటే యాభై గజాల నుంచైనా కొట్టొచ్చు.

దీనికి సమాధానంగా మా మైదానంలో ఒక గడ్డి ఎలుగును తయారుచేశాను. గోనెసంచుల్లో వరిగడ్డి కుక్కి, పైన కొబ్బరిపీచు జడలు కట్టి, ముందుకాలు వెనక ఊపిరితిత్తులు ఉండే పళ్ళెమంత చోటులో లోపల ఎర్రగుడ్డ పెట్టాను. పైకి కనపడదు. నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్న పిల్లలు పదిహేను గజాల నుంచి వేస్తే పదింటికి ఏడెనిమిది ఎర్రగుడ్డలో దిగాయి. ముప్ఫై గజాలకు జరిపాను. రెండు! మిగతావన్నీ పీచులోకి, పొట్టలోకి, ఒకటి తుంటిలోకి. పిల్లలు నవ్వారు. "ఆ తుంటి బాణం తిన్నది నిజం ఎలుగైతే రేపు పొద్దున్న ఎవరి జీడితోటలో ఉంటుందిరా?" అంటే నవ్వు ఆగింది.

ఇంకో లెక్క కూడా ఉంది. నలభై మీటర్ల దూరానికి బాణం చేరడానికి 0.8 సెకన్లు పడుతుంది. నారి చప్పుడు మాత్రం దాదాపు 0.1 సెకనులోనే చేరిపోతుంది. మధ్యలో మిగిలిన సమయంలో జంతువు ఉలిక్కిపడి ఒక అడుగు వేసినా చాలు, ఊపిరితిత్తికి పెట్టిన గురి పేగుల్లోకి పోతుంది. పాత విల్లుతో అమెరికాలో వేటాడేవాళ్ళు ఇరవై గజాల లోపలికి రాకుండా నారి లాగనిది అందుకే.

కాలిఫోర్నియాలో 1911లో అడవిలోంచి బయటికొచ్చిన ఇషి అనే యాహి తెగ మనిషి దగ్గర శాక్స్టన్ పోప్ అనే సర్జన్ విలువిద్య నేర్చుకున్నాడు. దూరపు గురిపందేల్లో ఇషి గొప్పవాడేం కాదని పోపే రాశాడు. జంతువుకు తెలియకుండా దగ్గరికి చేరడమే ఆయన విద్య. తర్వాత పోప్, అతని మిత్రుడు ఆర్థర్ యంగ్ 1920లో ఎల్లోస్టోన్‌లో మ్యూజియం కోసం అనుమతి తీసుకుని గ్రిజ్లీ ఎలుగులను విల్లుతో కొట్టారు. ఈ పిచ్చి అక్కడ మళ్ళీ మొదలైంది దాదాపు వాళ్ళతోనే.

అపోహ: బాణం తగిలితే అక్కడికక్కడే కూలిపోతుంది.

సరైన చోట తగిలినా ఎలుగుకు కొన్ని సెకన్లు ఊపిరి ఉంటుంది. ఆ సెకన్లలో అది ఎటు పరిగెత్తాలో నిర్ణయించేది మీరు కాదు. అందుకే బయటి రాష్ట్రం నుంచి గోధుమ ఎలుగు వేటకొచ్చేవాళ్ళు అలాస్కాలో గైడునో, అక్కడే ఉండే దగ్గరి బంధువునో వెంటపెట్టుకుని తీరాలి. గైడు చేతిలో రైఫిల్ ఉంటుంది. వీడియోలో ఆ మనిషి కనపడడు. ఫ్రెడ్ బేర్ అని అమెరికాలో విల్లువేటకు పెద్ద పేరున్న ఆయన ఒకడుండేవాడు (ఇంటిపేరే ఎలుగుబంటి, ఇక చూసుకోండి). ఆయన ధ్రువపు ఎలుగు వేటకు వెళ్ళినప్పుడు మొదట్లో తుపాకీతోనే పని ముగించాల్సి వచ్చింది, విల్లుతో అనుకున్నది 1966లోగానీ జరగలేదు.

పైగా ఎలుగుకు కొవ్వు మందం, వెంట్రుకలు పొడుగు. గాయాన్ని కొవ్వు మూసేస్తుంది, కారిన నెత్తురును వెంట్రుకలు పీల్చేస్తాయి. నేలమీద జాడ దొరకదు. దుప్పిని వెతికినట్టు ఎలుగును వెతకడం కుదరదు.

అపోహ: ఎదురొస్తే గుండెల్లోనో నుదుటిమీదో కొట్టాలి.

సినిమాల్లో. ఎదురుగా ఉన్న ఎలుగుకు ముందు కనపడేది ఏటవాలు పుర్రె, దాని కింద దట్టమైన కండ, ఎముక. ఆ కోణంలో ఊపిరితిత్తులకు దారి ఇరుకు. తెలిసినవాడు జంతువు పక్కకు తిరిగేదాకా, కుదిరితే కాస్త అవతలికి తిరిగి ముందుకాలు ముందుకు చాపేదాకా ఆగుతాడు. తిరగకపోతే నారి వదలడు, ఇంటికెళ్ళిపోతాడు.

అపోహ: మన కొండల్లో తాతలు విల్లుతో ఎలుగులనే వేటాడేవారు.

గుణుపురం పైన ఒక సవర ఊళ్ళో నాకు విళ్ళ పని నేర్పిన పెద్దాయన ఉండేవాడు. వెదురు చెక్కడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నారికి తాడు కట్టడు. వెదురు పైబద్దను చీల్చి, చాకుతో గీకి గీకి, వంచితే విరగనంత పలచగా చేసి అదే నారిగా ఎక్కిస్తాడు. వానకు తాడులా సాగదు. బొటనవేలితో మీటితే టంగుమని తీగలా మోగుతుంది. ఆ మోత విని విల్లు మంచిదో కాదో చెప్పేసేవాడు. నేను మాత్రం ఇప్పటికీ స్ప్రింగు కాటాకు వేలాడదీసి చూస్తాను. అలా చూసిన సవర విళ్ళు చాలా వరకు 40 పౌండ్ల లోపే తూగాయి.

"తాతా, ఎలుగుని ఎప్పుడైనా కొట్టావేటి?" అని అడిగాను.

"ఎందుకు బాబూ? పందిని కొడితే ఊరంతా తింటాది. ఎలుగుని కొడితే అదే మనల్ని తినేస్తాది" అన్నాడు. ఆయనకు తెలిసిన ఎలుగు పాఠమల్లా ఇప్పచెట్ల కిందికి పొద్దున్నే ఒంటరిగా వెళ్ళకపోవడం, వెళ్తే మాట్లాడుకుంటూ వెళ్ళడం. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్ళోనే ఉండి సవర భాష నేర్చుకుని నిఘంటువు రాశారని గర్వంగా చెప్పుకుంటాం. సవరల విల్లు గురించి మాత్రం ఒక్కడినీ అడక్కుండా కథలు కట్టేస్తాం.

అపోహ: తోటలోకొస్తే కొట్టెయ్యొచ్చు, అది ఆత్మరక్షణే.

మన ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, పులి ఉన్న జాబితాలోనే. వేటాడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. విల్లయినా, ఉచ్చయినా, నాటుబాంబయినా శిక్ష ఒకటే. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆత్మరక్షణ కోసం కొడితే నేరం కాదని 11వ సెక్షన్ చెప్తుంది, నిజమే. కానీ పనసపండు తింటున్నదాన్ని వెతుక్కుంటూ వెళ్ళి కొట్టడం అందులోకి రాదు. చచ్చిన కళేబరం కూడా ప్రభుత్వానిదే.

వేసవిలో ఉద్దానం జీడితోటల్లోకి, పనసచెట్ల కిందికి ఎలుగులు దిగుతాయి. ప్రాణాలు పోయిన ఇళ్ళు నాకు తెలుసు, వాళ్ళ కోపం అన్యాయమని అనను. కానీ ఆ కోపంతో నా దగ్గర విల్లు కొనడానికి వచ్చినవాళ్ళకు అమ్మలేదు. 40 పౌండ్ల విల్లుతో గాయపడ్డ ఎలుగు ఊరికి ఇంకా పెద్ద ప్రమాదం.

అపోహ: చచ్చినట్టు పడుకుంటే వాసన చూసి వెళ్ళిపోతుంది. చెట్టెక్కితే రాలేదు.

ఇద్దరు స్నేహితుల కథ చిన్నప్పుడు అందరం చదివాం. మన ఎలుగు తేనెతుట్టె కోసం చక్కగా చెట్టెక్కుతుంది. ఆ గోళ్ళు ముఖ్యంగా చెదపుట్టలు తవ్వడానికే, కానీ ఎక్కడానికీ పనికొస్తాయి. ఒక్కోటి నాలుగంగుళాల దాకా ఉంటుంది. అది మనిషిని తినడానికి రాదు, దగ్గర్లో ఉలిక్కిపడి మీద పడుతుంది. ముఖం, తల మీదే దాడి ఎక్కువ. మీద పడ్డాక బోర్లా పడుకుని రెండు చేతులూ మెడ వెనక పెట్టుకోవడం వల్ల ముఖం, మెడ కాస్త దక్కుతాయి. అది నటన కాదు, కవచం.

నా అనుభవం ఒకటుంది. మందస వైపు ఒక చుట్టం తోట నుంచి సాయంత్రం నడిచి వస్తున్నాను, భుజాన నారి విప్పిన విల్లు. పుట్ట అవతల నుంచి కమ్మరి కొలిమి తిత్తి ఊదినట్టు బుస్సు, జుర్రు, మళ్ళీ బుస్సు. ఎలుగు చెదపురుగులను పీల్చే చప్పుడు అది. దానికి పైన ముందు రెండు పళ్ళు ఉండవు. ముక్కుపుటాలు మూసుకుని, ఆ సందులోంచే పురుగులను లాగేస్తుంది. నాకు పన్నెండు అడుగుల దూరంలో ఉంటుందేమో. తల పుట్టలో ఉంది కాబట్టి నన్ను చూడలేదు. వీపుమీద రెండు పిల్లలు, జుట్టు పట్టుకుని. పిల్లల తల్లి అంటే ఇంకేం చెప్పాలి. పన్నెండు అడుగుల దూరం, పక్కకు తిరిగిన ఒళ్ళు, నేను పైన చెప్పిన సరైన కోణం. అంత దగ్గర కోసం అలాస్కాలో పది రోజులు పాకుతారు. నాకు మాత్రం భుజాన విల్లుందన్న సంగతే గుర్తు రాలేదు. వెనక్కి చూడకుండా, పరిగెత్తకుండా, మడమలతో తడుముకుంటూ ఒక్కో అడుగే వేశాను. రోడ్డెక్కాక చూస్తే అరచేతిలో విల్లు పట్టు దిగబడి ఎర్రగా అచ్చు పడింది.

అపోహ: ఎలుగు వెంట్రుకల తాయెత్తు కడితే పిల్లలకు భయం పోతుంది.

సంతలో అమ్మేది చాలాసార్లు పందివో మేకవో వెంట్రుకలు. నిజంగా ఎలుగువే అయితే అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ కేసులో ఇరుక్కుంటారు. ఆడవాళ్ళను ఎత్తుకుపోతుందన్న కథకు సమాధానం రాయడం కూడా దండగ.

గడ్డి ఎలుగు ఇంకా మైదానంలోనే ఉంది. మొన్న వానలకు అడుగున చెద పట్టింది. వచ్చే ఆదివారం సంచులు మార్చాలి, కొబ్బరిపీచు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే తెచ్చిపెట్టండి.