గుండె పరిశోధనకు రమ్మన్నారా? పెద్దవాళ్ల అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పలాస, కవిటి, సోంపేట వైపు పరిశోధన బృందం దిగగానే అరుగుల మీద వినిపించే మాటలే ఇవి. గుండె గతి తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను వెతికే పరీక్షల గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతున్నాం. ఆ జబ్బు ఉంటే గుండె పై గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరొచ్చు. పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు పెరుగుతుంది. చాలామందికి దడ కూడా తెలియదు కాబట్టే ఏ బాధా లేనివాళ్లనీ పిలుస్తారు.

అపోహ: వైర్లు తగిలించి ఒంట్లోకి కరెంటు పెడతారు.
వాస్తవం: ఈసీజీ మిషను ఒంట్లోకి ఏమీ పంపదు, గుండెలో పుట్టే విద్యుత్తును గీతగా రాస్తుందంతే. కాళ్లకూ చేతులకూ 4, ఛాతీకి 6 పట్టీలు పెడతారు. కొబ్బరినూనె రాసుకుని వెళ్తే పట్టీ జారుతుంది. కుడి ఎడమ చేతుల వైర్లు తారుమారైతే లేని జబ్బు ఉన్నట్టు కనిపించొచ్చు, అందుకే మళ్లీ తీస్తామంటే కంగారు పడకండి. వయసు మళ్లిన చర్మం పలచన. పట్టీని లాగేయొద్దని, తడిపి తీయమని చెప్పండి.

అపోహ: ఇంటికిచ్చిన చేతి మిషను (వేళ్లతో పట్టుకుంటే ఈసీజీ తీసేది) ఎప్పుడో ఓసారి పట్టుకుంటే చాలు.
వాస్తవం: ఈ గతి తప్పడం వచ్చి పోతూ ఉంటుంది. స్వీడన్‌లో 75, 76 ఏళ్లవాళ్లతో చేసిన స్ట్రోక్‌స్టాప్ అధ్యయనంలో 2 వారాల పాటు రోజూ రెండుసార్లు తీయించారు. కూర్చుని, మోచేతులు బల్లమీదో ఒళ్లోనో ఆనించి, వేళ్లు మెత్తగా ఆన్చి 30 సెకన్లు కదలకుండా, మాట్లాడకుండా ఉండాలి. గట్టిగా నొక్కితే కండరాల వణుకు గీతలోకి వస్తుంది. జీడిపిక్కలు కొట్టి మొద్దుబారిన వేళ్లకు మిషను సరిగా అందదు. తడిగుడ్డతో వేళ్లు తుడుచుకుని పట్టుకోండి. బృందం వాళ్లు ఈ సంగతి చెప్పడం మరచిపోవచ్చు.

అపోహ: ముందే కనిపెడితే మేలు ఖాయం.
వాస్తవం: అది తేల్చడానికేగా పరిశోధన. డెన్మార్క్‌లో 70 నుంచి 90 ఏళ్లవాళ్ల చర్మం కింద చిన్న రికార్డరు పెట్టిన లూప్ అధ్యయనం 2021లో వెలువడింది. మామూలు వైద్యంతో పోలిస్తే జబ్బు సుమారు 3 రెట్లు ఎక్కువ దొరికింది కానీ పక్షవాతం తగ్గిందని గట్టిగా తేలలేదు.

అపోహ: నార్మల్ అన్నారు, ఇక గుండెకు ఢోకా లేదు.
వాస్తవం: గతి బాగున్నా రక్తనాళం పూడుకుపోయి ఉండొచ్చు. ఛాతీ బిగిసి చెమటలు పడితే ఆ కాగితాన్ని చూసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

అపోహ: పరీక్షకు ముందు బీపీ మాత్ర ఆపాలి.
వాస్తవం: మీ అంతట మీరు ఆపకండి. మాత్రల అట్టలన్నీ సంచిలో తీసుకెళ్లండి. పరగడుపున రమ్మంటే ఇన్సులిన్ సంగతి ముందే అడగండి.

అపోహ: కొడుకు సంతకం చేస్తే సరిపోతుంది.
వాస్తవం: విషయం అర్థం చేసుకుని తానే నిర్ణయించుకోగల మనిషి తరఫున ఎవరూ ఒప్పుకోలేరు. చదవడం రాకపోతే కాగితమంతా చదివి వినిపించాలి, బృందానికి సంబంధం లేని చదువొచ్చిన సాక్షి ఉండాలి, ఆ తర్వాతే వేలిముద్ర. ఒక ప్రతి మీకివ్వాలి. కిడ్నీ జబ్బు కోసం ఏళ్లుగా రక్తమిచ్చిన ఉద్దానంలో "మళ్లీనా" అనే విసుగు న్యాయమైనదే. వేలిముద్ర వేయకముందే ఫలితం ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో చెబుతారో అడగండి. మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగకూడదు. మిషను తిరిగిచ్చేటప్పుడు, అప్పటిదాకా తీసిన రీడింగులు వాడతారో లేదో కూడా అడగండి.