వచ్చే వారం సిమ్యులేషన్ ల్యాబ్‌కు (నిజం పేషెంట్ల దగ్గరికి వెళ్లేముందు సాధన చేసే గదికి) వెళ్లే నర్సింగ్ పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

ఇంజెక్షన్ ఇవ్వడం, కాథెటర్ (మూత్రం పోయే గొట్టం) వేయడం బొమ్మ మీద నేర్చుకున్నారు. వచ్చే వారం నుంచి పేషెంటుతో మాట్లాడటం కూడా ల్యాబ్‌లోనే నేర్చుకుంటారు. "మాట్లాడటం కూడా ఒకరు నేర్పాలా, మనసు మంచిదైతే చాలదా?" అని మీలో కొందరికి అనిపిస్తుంది. చాలదమ్మా. మీ మనసులో ఎంత కనికరం ఉన్నా, మంచం మీదున్న మనిషికి అది కనబడదు. మీరు ఎక్కడ నిలబడ్డారు, ఎటు చూశారు, ఆ మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగారా లేదా, ఇవే కనబడతాయి. ఇవన్నీ చేతలు, సాధన చేస్తే వస్తాయి.

నర్సింగ్ స్కూళ్లలో బొమ్మలు పాతవే. 1911లోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలు కోసం మార్తా చేజ్ నిలువెత్తు బొమ్మ చేసిచ్చారు. కానీ బొమ్మ నొచ్చుకోదు, మాట దాచుకోదు. 1963లో హోవర్డ్ బారోస్ అనే నరాల డాక్టరు ఒక మామూలు మనిషికి తర్ఫీదిచ్చి, పేషెంటుగా కూర్చోబెట్టి వైద్య విద్యార్థులకు నేర్పారు. మీరు చేయబోయేది ఆ పద్ధతే.

కేసు ఇలా ఉంటుందనుకోండి. 58 ఏళ్ల ఆవిడ. చాలా ఏళ్లుగా షుగర్. కాలి వేలు నల్లబడింది, ఎల్లుండి ఆ వేలు తీసేస్తారు. రాత్రి ఇన్సులిన్ టైమైంది, ఆవిడేమో అన్నం వద్దంటున్నారు. పక్కన కోడలు ఉంది. ఇన్సులిన్ వేసి, తిండి తినకపోతే షుగర్ పడిపోతుంది. అంటే ఎందుకు తినడం లేదో తెలుసుకోవడం వైద్యంలో భాగమే. పేషెంటు వేషం వేసేవారి చీటీలో మీకు చూపించని ఒక వాక్యం ఉంటుంది: "వేలు అని చెప్పి కాలంతా తీసేస్తారని నా భయం. కూర్చుని అడిగి, ఓపికగా ఆగితేనే చెప్తాను."

ఈ వేషం మీ క్లాసు స్నేహితులకు ఇవ్వకండి, ఇద్దరికీ నవ్వొస్తుంది. వేరే బ్యాచ్ వారో, బయటివారో అయితే మేలు. ముందు 5 నిమిషాలు కేసు వివరిస్తారు, 8 నిమిషాలు నర్సు-పేషెంటు ఆట, 20 నిమిషాలు చర్చ. చర్చకే ఎక్కువ సమయం, ఎందుకంటే నేర్చుకునేది అక్కడే.

మొదటిసారి దాదాపు అందరూ చేసే తప్పు "ఏం కాదులెండమ్మా, భయపడకండి" అనడం. మంచి మాటే అనిపిస్తుంది. కానీ ఆవిడ ఇంకా భయం చెప్పనే లేదు, మీరు తలుపేసేశారు. దానికి బదులు కుర్చీ లాక్కుని, మీ కళ్లు ఆవిడ కళ్ల ఎత్తుకు వచ్చేలా కూర్చోండి. "అన్నం సయించడం లేదా అమ్మా, మనసులో ఏమైనా ఉందా?" అని అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ ఐదు అంకెలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. ఆగండి. కోడలు జవాబు చెప్తే "మీరు చెప్పింది విన్నానమ్మా, ఆవిడ నోట కూడా వింటాను" అనండి. అవసరమైతే కాసేపు బయట కూర్చోమని మర్యాదగా అడగండి.

భయం చెప్పాక దాన్ని కొట్టిపారేయకండి. "కాలు పోతుందేమోనని రాత్రంతా ఆలోచిస్తున్నారా" అని ముందు ఆ మాటే తిరిగి చెప్పండి, తర్వాతే కేసు షీట్‌లో ఉన్నది వివరించండి. ఆపరేషన్ గురించిన ప్రశ్నలు డాక్టరు చెప్పాల్సినవైతే పిలిపిస్తానని చెప్పి నిజంగా పిలిపించండి. చివర "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. "ఇంటికి ఫోన్ చేస్తే మీ అమ్మాయికి ఏమని చెప్తారు?" అని అడిగితే ఎంత అర్థమైందో తెలిసిపోతుంది.

భాష సంగతీ చూసుకోండి. తెలంగాణ పల్లె నుంచి వచ్చినాయన "పానం బాగలేదు" అంటే, ఇంకొకరు "కడుపులో దేవుతోంది" అంటే, ఆ మాటనే పట్టుకుని ప్రశ్న అడగండి. "నాసియా (వికారం) ఉందా?" అంటే వాళ్లు బిత్తరపోతారు.

చూసేవాళ్లు ఇద్దరుంటే ఒకరు అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా రాయాలి, ఇంకొకరు చేతులు, చూపు గమనించాలి. చర్చలో ముందు నర్సుగా చేసిన విద్యార్థి మాట్లాడాలి, ఆ తర్వాత వేషధారి "ఆ క్షణంలో నాకిలా అనిపించింది" అని చెప్పాలి. "నువ్వు దయగా లేవు" అని ఎవరూ అనకూడదు. "ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నువ్వు బీపీ పట్టీ సర్దావు" అనాలి. మొదటి మాటకు మనిషి ముడుచుకుపోతాడు, రెండోది సరిదిద్దుకోవచ్చు.

మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే, కేసు దానికి దగ్గరగా ఉందనిపిస్తే, ముందే టీచరుకు చెప్పి తప్పుకోండి. సిగ్గుపడాల్సింది లేదు. వేషం వేసినవారు చివర తమ అసలు పేరు చెప్పి, వేషం కోసం కట్టుకున్న కట్టు విప్పి, కాసిని మంచినీళ్లు తాగి బయటకు రావాలి. లేకపోతే ఆ బరువు ఇంటిదాకా వెంటవస్తుంది. గదిలో జరిగింది క్యాంటీన్‌లో చెప్పుకోకూడదు.

ఆ వారంలోనే అదే కేసు మళ్లీ చేయండి. రెండోసారి అన్నీ మార్చాలని చూడకండి, చర్చలో తేలిన ఒక్క మాటో ఒక్క అలవాటో మార్చి, ఆవిడ చీటీలోని వాక్యం ఎన్నో నిమిషంలో బయటికొచ్చిందో గడియారం చూసి రాసుకోండి.

ఆశీస్సులతో,
మీ మేడమ్