బరువు సరిగ్గానే ఉన్నా షుగర్ ఎందుకొస్తోంది?

"నేనేం లావుగా లేను కదా డాక్టరుగారూ, నాకు షుగరేంటండీ?" షుగర్ డాక్టర్లు రోజూ వినే ప్రశ్న ఇది. అడిగే మనిషికి కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి. బరువు చూస్తే ఏ అరవై కిలోలో, అరవై రెండో. చొక్కా కింద చిన్న పొట్ట ఉంటుంది గానీ ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. నలభై దాటాక మగాళ్లకు ఆ మాత్రం పొట్ట ఉండదా అంటారు, ఇద్దరు పిల్లలు పుట్టాక ఆడవాళ్లకు మామూలే అంటారు. మరోపక్క నిజంగా లావుగా ఉన్నవాళ్లను పెళ్లిళ్లలో, ఆఫీసుల్లో ఎవరు పడితే వాళ్లు "కాస్త తిండి తగ్గించు" అని మందలిస్తారు. ఈ రెండు అలవాట్లూ మనకు చాలా హాని చేస్తున్నాయి. మనిషిని పైకి చూసి ఆరోగ్యం తేల్చేయడం ఎంత పొరపాటో గత ముప్ఫై ఏళ్ల పరిశోధనలు గట్టిగానే చూపించాయి. వాటిలో ముఖ్యమైనవి కొన్ని మన దగ్గరే జరిగాయి.

2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణే కేఈఎం ఆసుపత్రిలో డయాబెటిస్ మీద పనిచేసే చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే బీఎంఐ ఇద్దరికీ ఒకటే: 22.3. ఏ పట్టికలో చూసినా ఇది మామూలు బరువే. కానీ ఒంట్లో కొవ్వు ఎంతుందో విడిగా కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం తేలింది. రెట్టింపు కన్నా ఎక్కువ! యుడ్కిన్ మారథాన్‌లు పరిగెత్తే మనిషి కాబట్టి కొంత తేడా దానివల్లే వచ్చి ఉండొచ్చు. అయితే యాజ్ఞిక్ పుట్టినప్పుడే తక్కువ బరువు ఉన్నారని కూడా ఆ ఫొటోతో పాటు రాశారు. ఆ చిన్న వివరం వెనక చాలా పెద్ద కథ ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

బీఎంఐని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ లెక్క వేసిన అడోల్ఫ్ కెట్లే 19వ శతాబ్దపు బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు. ఆయన వెతికింది జనంలో సగటు మనిషి ఎలా ఉంటాడని, ఒక్కో మనిషికి జబ్బు ఉందా లేదా అని కాదు. లక్షల మందిని పోల్చడానికి ఆ లెక్క ఇప్పటికీ బాగానే పనికొస్తుంది. కానీ మీ ఒంట్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో, ఆ కొవ్వు ఎక్కడ చేరిందో అది చెప్పలేదు. అసలు విషయమంతా ఆ "ఎక్కడ" దగ్గరే ఉంది.

కొవ్వు దాచుకోవడానికి శరీరానికి సరైన చోటు చర్మం కింద ఉంటుంది, ముఖ్యంగా తొడలు, పిరుదుల దగ్గర. అది ఇంటి గాదె లాంటిది. గాదె పెద్దదైతే ఎంత పంట వచ్చినా ఇబ్బంది ఉండదు. చిన్నదైతే మిగిలిన ధాన్యం వంటింట్లోకీ, పడగ్గదిలోకీ వచ్చిపడుతుంది. ఒంట్లోనూ చర్మం కింద పట్టని కొవ్వు పేగుల చుట్టూ, లివర్‌లో, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లో, కండల్లో చేరుతుంది. గాదె ఎంత పెద్దదన్నది మనిషిని బట్టి మారుతుంది. వంద కిలోలున్నా షుగర్ రాని వాళ్లున్నారు, అరవై కిలోలకే వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఇది ఊహ కాదనడానికి నాకు బాగా నచ్చిన రుజువులు రెండున్నాయి. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ డాక్టర్లు ఊబకాయం ఉన్న 15 మంది మహిళలకు లైపోసక్షన్ చేసి, పొట్ట దగ్గర చర్మం కింది కొవ్వును ఒక్కొక్కరికి దాదాపు 10 కిలోలు తీసేశారు. కొన్ని వారాల తర్వాత పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరు మారలేదు, బీపీ మారలేదు, రక్తంలో కొవ్వులూ మారలేదు. ఈ ఫలితం 2004లో అచ్చయింది. తీసిన కొవ్వు తక్కువేమీ కాదు, కానీ హాని చేసే కొవ్వు ఉన్న చోటు వేరు. రెండో రుజువు ఎలుకల్లో దొరికింది. చర్మం కింద కొవ్వు దాదాపు లేకుండా పుట్టేలా చేసిన ఎలుకలు పైకి బక్కగా ఉంటాయని అనుకుంటాం కదా, వాటికి లివర్ నిండా కొవ్వు పట్టి తీవ్రమైన షుగర్ వస్తుంది. 2000లో అలాంటి ఎలుకలకు ఆరోగ్యంగా ఉన్న ఎలుకల కొవ్వును ఆపరేషన్ చేసి చర్మం కింద పెడితే షుగర్ తగ్గిపోయింది. కొవ్వు పెడితే షుగర్ తగ్గడం! చోటు దొరికిన కొవ్వు అపకారి కాదని ఇంతకన్నా సూటిగా చూపించడం కష్టం.

లివర్‌లో కొవ్వు చేరితే ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇప్పుడు ఏ స్కానింగ్ రిపోర్టు చూసినా "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని ఉంటోంది, "అందరికీ ఉండేదేలే" అని మనం పక్కన పడేస్తున్నాం. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకు చక్కెర అందించే పని లివర్‌దే. నిల్వ ఉన్నది కరిగించో, కొత్తగా తయారుచేసో రక్తంలోకి వదులుతుంది. చాలు, ఇక ఆపు అని చెప్పేది ఇన్సులిన్. కొవ్వు పట్టిన లివర్ ఆ మాట వినదు, వదులుతూనే ఉంటుంది. "రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, పొద్దున పరగడుపున షుగర్ 140 ఎలా వచ్చింది?" అని కంగారుపడేవాళ్లకు జవాబు చాలావరకు ఇదే. ఆ చక్కెరంతా రాత్రి తిన్న పుల్కాలది కాదు, లివర్ తయారుచేసింది కూడా అందులో ఉంది. చక్కెరను దారికి తేవడానికి పాంక్రియాస్ ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. లివర్ తనలో పట్టని కొవ్వును ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి తోస్తుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. ఇవన్నీ వేర్వేరు జబ్బులనుకుని ఒక్కోదానికి ఒక్కో మాత్ర వేసుకుంటాం గానీ, వీటి మూలం చాలాసార్లు ఒకటే.

అందుకే తూకం కన్నా టేపు ఎక్కువ చెబుతుంది. 2009లో మన దేశపు డాక్టర్లు భారతీయులకు విడిగా హద్దులు పెట్టారు: బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుం కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. కొలవడంలోనే చాలామంది పొరబడతారు. "ఇరవై ఏళ్లుగా 34 సైజు ప్యాంటే వేస్తున్నా" అనే పెద్దమనిషి ప్యాంటు ఇరవై ఏళ్లలో పొట్ట కిందికి జారి ఉంటుంది. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు. నిటారుగా నిలబడి, అన్నిటికన్నా కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు పెట్టాలి. ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాగకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగర్ మీద చేసిన ఇండియాబ్ సర్వే 2023లో వచ్చింది, దాని ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. బీఎంఐ లెక్కన ఊబకాయం ఉన్నవాళ్లు 28.6 శాతమైతే, నడుం లెక్కన 39.5 శాతం. తూకం మాత్రమే చూస్తే ఎంతమందిని వదిలేస్తున్నామో ఈ తేడాయే చెబుతోంది.

ఇందులో మంచి మాట కూడా ఉంది. లోపల చేరిన కొవ్వు మొండిది కాదు, బరువు తగ్గితే ముందుగా కరిగేవాటిలో అదొకటి. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌కు చెందిన రాయ్ టేలర్ బృందం మామూలు బరువులో, లేదా దానికి కొంచెం పైన ఉన్న 20 మంది షుగర్ రోగులను తీసుకుని, ఒంటి బరువులో 5 శాతం చొప్పున విడతలు విడతలుగా తగ్గించింది. 14 మందికి మందులు లేకుండానే షుగర్ జబ్బు హద్దు కన్నా కిందికి దిగింది. లివర్‌లో, పాంక్రియాస్‌లో కొవ్వు తగ్గినట్టు స్కాన్లలో కనిపించింది. అరవై కిలోల మనిషికి 5 శాతం అంటే మూడు కిలోలు. షుగర్ వచ్చి చాలా ఏళ్లయినవాళ్లలో ఫలితం ఇంత బాగా ఉండకపోవచ్చు. మందులు మానడం డాక్టరు చూస్తుండగానే జరగాలి. అయినా సన్నగా ఉన్నవాళ్లకు "మీరు తగ్గాల్సిందేం లేదు" అని చెప్పి పంపేయడం సరికాదని ఈ ప్రయోగం తేల్చింది.

ఇక ఆ తక్కువ బరువు పుట్టుక సంగతి. యాజ్ఞిక్ బృందం 1993 నుంచి పుణే దగ్గరి ఆరు పల్లెల్లో గర్భిణులను, వాళ్ల బిడ్డలను గమనిస్తూ వచ్చింది. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. మన బిడ్డల తల, నడుం, చేతులు అన్నీ చిన్నవే. కానీ వీపు మీద, భుజం ఎముక కింద చర్మాన్ని మడతపెట్టి పరికరంతో మందం కొలిస్తే, అక్కడి కొవ్వులో మాత్రం మిగతావాటితో పోలిస్తే తేడా చాలా తక్కువగా కనిపించింది. అంటే తల్లి కడుపులో తిండి చాలనప్పుడు బిడ్డ కండనూ, అవయవాలనూ తగ్గించుకుని కొవ్వును కాపాడుకుంది. బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ కూడా లండన్ బిడ్డలకన్నా ఎక్కువే ఉంది. తిన్నాక రక్తంలోని చక్కెరలో పెద్ద వాటా కండలకే వెళ్లాలి. ఆ కండ పుట్టుకతోనే తక్కువైతే, పెద్దయ్యాక అన్నం దండిగా దొరికి, ఒంటికి పని తగ్గినప్పుడు చక్కెర ఎటు పోవాలి? ఒక పూటకు కూడా సరిగ్గా లేని తల్లుల పిల్లలకు నలభై ఏళ్లకు షుగర్ వస్తే, "నోరు కట్టుకోలేదు" అని ఆ మనిషిని నిందించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

దీనికి మరో సాక్ష్యం మన తెలుగు పల్లెల నుంచే ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేసింది. 15 పల్లెల్లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీ) కేంద్రాల ద్వారా గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా అందింది. తల్లులకు రోజుకు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రోటీన్, పిల్లలకు అంతకన్నా తక్కువ. మిగతా 14 పల్లెలకు ఆ పథకం అప్పటికి చేరలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశోధకుడు సంజయ్ కిన్రా బృందం 1,165 మందిని వెతికి పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించింది. ఉప్మా అందిన పల్లెల పిల్లలు మిగతా పల్లెల పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. ఒంట్లో కొవ్వు రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. కానీ ఇన్సులిన్ మాట ఒళ్లు ఎంతగా వినడం లేదో చెప్పే ఇన్సులిన్ నిరోధకత సూచిక ఉప్మా అందిన పల్లెల పిల్లల్లో 20 శాతం తక్కువ, రక్తనాళాల్లో బిరుసుతనం కూడా కొంత తక్కువ.

పల్లెలను చీటీలు తీసి ఎంచలేదు, పథకం ముందు ఎక్కడికి చేరిందో అక్కడ జరిగింది. కాబట్టి ఆ తేడా అంతా ఉప్మాదేనని ఖాయంగా అనలేం. ఆ కుటుంబాలను ఏపీక్యాప్స్ అనే పేరుతో తర్వాత కూడా పరిశీలిస్తూ వచ్చారు. ఆ పథకం రోజుల్లో పుట్టిన బిడ్డలకు ఇప్పుడు ముప్ఫై అయిదు దాటింది. మన దగ్గర షుగర్ బయటపడడం మొదలయ్యే వయసు అదే.